నిలిచిన బండికి దిక్కెవరు?

నేడు మన మెదకు పట్టణమున ఏ సంస్థవారి పెట్రోలు బంకునకు పోయినను సామాన్య పెట్రోలు పేరిట దొరకునది ఒక్కటియే. అందు నూటికి 20 పాళ్లు ఇథనాలు, అనగా మద్యసారము. కలపని పెట్రోలు కావలెనని అడుగుటకు గాని, 10 పాళ్లు కలిపినది చాలునని చెప్పుటకు గాని కొనువానికి హక్కు లేదు. ఇచ్చుటకు అమ్మువానికి అధికారము లేదు. బియ్యము కొనునపుడు సన్నములా, దొడ్డువా యని అడిగి కొనుచున్నాము. నూనె కొనునపుడు పల్లీనూనెయా, పొద్దుతిరుగుడు నూనెయా యని అడిగి కొనుచున్నాము. లీటరునకు 107 రూపాయల చిల్లర లెక్కించి కొనిన పెట్రోలు విషయమున మాత్రము నోరు మెదపరాదట!

ఈ విషయమై 2025 వ సంవత్సరపు వానకాలమున దేశమంతట పెద్ద గగ్గోలు పుట్టినది. మైలేజి తగ్గినదని కొందరు, రబ్బరు భాగములు చెడుచున్నవని కొందరు మొఱపెట్టిరి. ఆగస్టు నెలలో కేంద్ర పెట్రోలియము మంత్రిత్వశాఖ సుదీర్ఘములగు సమాధానములు ప్రకటించినది. కాని ఆ వాదప్రతివాదములన్నియు నడచు బండ్లను గూర్చియే సాగినవి. నడువని బండిని గూర్చి, అనగా నెలల తరబడి కొట్టములోనో, చెట్టు క్రిందనో, తాళము వేసిన యింటి ముంగిటనో నిలిచియుండు బండిని గూర్చి పలికినవారు బహు తక్కువ. మేము నేడు వ్రాయబూనినది దానిని గూర్చియే.

మా పక్షము మొదటనే చెప్పుట మంచిది. మేము ఇథనాలునకు శత్రువులము కాము. పరదేశపు చమురునకై ఏటేట లక్షల కోట్లు ధారపోయు దేశము తన పొలములలో పండిన దానితో ఇంజను నడుపుకొనగలిగినచో అంతకు మించిన స్వదేశీ వ్రతము మరేమి కలదు? ఈ యాలోచనయు నిన్న మొన్నటిది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడే, 1948 లో, మోటారు ఇంధనమున మద్యసారమును కలుపుటకై కేంద్రమున ఒక చట్టము పుట్టినది. అది అర్ధశతాబ్దమునకు పైగా నిలిచి 2000 లో రద్దయినది. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశముతో సహా తొమ్మిది రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుపుట మొదలిడిరి. 2014 ప్రాంతమున దేశపు సగటు 2 శాతమునకు లోపుగనే యుండెను. 2022 జూను నాటికి అది 10 అయినది. 2030 కని పెట్టుకొనిన 20 శాతపు గురిని ముందునకు జరిపి, 2023 ఫిబ్రవరి 6 వ తేదీన బెంగుళూరులో ప్రధానమంత్రి మోదీగారు ఇరువది పాళ్ల పెట్రోలును ఆరంభించిరి. 2025 నాటికి అది దేశమంతట నిండినది.

ఇందొకటి గమనింపవలయును. పదింటికి చేరుటకు దాదాపు రెండు దశాబ్దములు పట్టినది. పదినుండి ఇరువదికి దుముకుటకు మూడేండ్లు చాలినవి. మన యూళ్లలో ఒక మోటారు సైకిలును పదునైదేండ్లు వాడుట వింత కాదు. తండ్రి కొనిన బండి కొడుకునకు వచ్చుట కలదు. ఇంధనము మూడేండ్లకు మారును, బండి పదునైదేండ్లకు మారును. ఈ నడుమనున్న పండ్రెండేండ్ల భారము ఎవనిపై పడినది? మద్యపానమును మాన్పుటకు దుకాణముల యెదుట నిలిచి లాఠీదెబ్బలు తినిన పెద్దలు గల దేశమిది. నేడు వద్దన్న వాహనమునకు బలవంతముగ మద్యము పోయుచున్నారు! ఈ మాట పరిహాసమునకన్నను, బలవంతమన్న పదమును పాఠకులు మరువకుందురు గాక.

ప్రభుత్వపు వాదమున సత్యము లేకపోలేదు. 2014-15 నుండి 2025 జూలై వరకు 1,44,000 కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకము మిగిలినదని మంత్రిత్వశాఖ చెప్పుచున్నది. ఇథనాలు ఆక్టేను సంఖ్య పెట్రోలు కన్న హెచ్చు. తగినట్లు కట్టిన ఇంజనులో అది మేలే చేయును. వీనిని మేము కాదనము. దేశమునకు మిగిలిన ధనము లెక్కకు వచ్చినది. పౌరుని యింట చెడిన యంత్రము లెక్కకు రాలేదు. మా తగవు అంతయు ఇక్కడనే యున్నది.

ఇక నిలిచిన బండి టాంకిలో జరుగు సంగతి చూతము. పెట్రోలును నీటిని ఒక్క సీసాలో పోసి ఎంత కదిపినను కొంతసేపటికి నీరు అడుగునకును, పెట్రోలు పైకిని విడిపోవును. మద్యసారము రెంటితోడను చెలిమి చేయును. కాని పెట్రోలుతో చెలిమి కన్న నీటితోడి చుట్టరికమే దానికి దగ్గరిది. 10 పాళ్ల ఇథనాలు గల పెట్రోలు, సుమారు 15 డిగ్రీల చల్లదనమున, అర శాతము నీటిని మాత్రమే తనలో కలుపుకొనగలదు. అనగా లీటరునకు ఒక చిన్న చెంచాడు. అది మించినచో ఇథనాలు నీటిని వెంటబెట్టుకొని, పెట్రోలును విడిచి, టాంకి అడుగునకు దిగును. 20 పాళ్లదైనచో ఇంకను కొంత హెచ్చు నీటిని ఓర్చును; న్యాయమునకు ఆ మాటయు చెప్పవలయును. కాని విడిపోయిన నాడు అడుగునకు దిగు ద్రవమును అంత హెచ్చుగనే యుండును. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేను తగ్గి నీరసించును. ఇంజనునకు పోవు గొట్టము టాంకి అడుగుననే గదా యుండునది! పెట్రోలునకై చూచు ఇంజను నోట మొదట పడునది ఆ నీటిమద్యమే.

వాతావరణము చల్లబడుకొలది ఈ ఓర్చు శక్తి తగ్గును. మన మెదకు ప్రాంతమున డిసెంబరు, జనవరి రాత్రులు చలి 10 డిగ్రీల చెంతకు దిగుట, కొన్ని యేండ్లు అంతకును లోపగుట అందరెరిగినదే. భాద్రపదమున నీరు త్రాగి ఊరకయున్న టాంకి పుష్యమాసపు చలిలో విడిపోవచ్చును. గాలిలోని తేమ యొక్కటియే యైనచో ఇందులకు బహుకాలము పట్టును. వానలో తడియుచు నిలిచిన మోటారు సైకిలు సంగతి వేరు. టాంకి మూతచుట్టు నున్న పల్లములో నీరు నిలుచును. ఆ నీరు పోవుటకు విడిచిన సన్నని రంధ్రము దుమ్ముతో పూడియుండును. మూత రబ్బరు ఎండి పగిలియుండును. చెంచాడు నీరు లోనికి దిగుటకు ఇంతకన్న నేమి కావలయును?

నీరు విడిపోకున్నను కీడు తప్పదు. తడిసిన మద్యసారము కాలక్రమమున కొంత పులియును. ఆ పులుపు ఇనుప టాంకిని త్రుప్పు పట్టించును, కార్బురేటరులోని అల్యూమినియమును, జింకును తెల్లని పొడిగ తినివేయును. పాతకాలపు రబ్బరు గొట్టములు, బెండు వాషర్లు ఉబ్బి మెత్తబడును. టాంకి అడుగున ఏండ్లుగా పేరుకొనిన మష్టు కరగి సన్నని జెట్టులకు అడ్డుపడును. కలపని పెట్రోలును నెలల తరబడి నిలువయుంచిన చెడును, జిగురు కట్టును. అది క్రొత్త సంగతి కాదు. కాని పాత రోగమునకు క్రొత్త రోగము తోడైనపుడు పాతదానిని చూపి క్రొత్తదానిని దాచరాదు. 2020 ఏప్రిలులో బి.యస్. 6 నియమములు వచ్చువరకు మన ద్విచక్రములలో అత్యధిక భాగము కార్బురేటరువే యని మరువరాదు.

బండ్లను నిలువయుంచుట మంచుదేశపు ధనికుల వేడుక యని కొందరనుకొందురు. శీతకాలమున కారును గుడ్డ కప్పి వసంతమున తీయుట అచ్చటి ఆచారమే. మనకు అట్టి శీతకాలము లేదు గాని, అంతకన్న పొడవైన ఎడబాటు కలదు. మెదకు, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములనుండి దుబాయి, మస్కట్టు, సౌదీలకు కూలికి పోయిన మగవారి బండ్లు ఇండ్ల ముంగిళ్లలో రెండేసి యేండ్లు నిలిచియుండును. హైదరాబాదులో చదువుచున్న పిల్లవాని బండి పండుగకు మాత్రమే కదలును. బొల్లారము, పటాన్‌చెరువు కర్మాగారములలో పనికి కుదిరి అచ్చటనే కాపురము పెట్టినవాని బండి బతుకమ్మకో సంక్రాంతికో కిక్కు కొట్టించుకొనును. ఇవి ఏ గణాంకములయందును కనబడవు.

అంతకన్న పెద్ద సంగతి రైతుది. మన ప్రాంతమున నేడు తైవాను పంపు లేని గ్రామము లేదు. మందు కొట్టుటకు వీపున తగిలించుకొను ఆ చిన్న పెట్రోలు ఇంజను వానకాలపు పంటలో నెలన్నర పని చేయును, యాసంగిలో మరి కొన్ని దినములు. తక్కిన కాలమంతయు అటుకపై పడియుండును. కలుపు తీయు యంత్రము గతియు అంతియే, గడ్డి కోయు యంత్రము గతియు అంతియే. వీనిలో మిగిలిన గ్లాసెడు పెట్రోలును ఒంపివేయువాడు అరుదు. 107 రూపాయల సరుకు గదా! నాలుగు నెలలకు తీసి త్రాడు లాగిన అది పలుకదు. సరిగా పురుగు పైరుపై పడిన దినముననే పలుకదు. మెకానిక్కు విప్పి చూచి, కార్బురేటరు పోయినదనును, డయాఫ్రము గట్టిపడినదనును. రైతు తన తలవ్రాతను తిట్టుకొనును, లేదా బంకువాడు నీళ్లు కలిపెనని బంకువానిని తిట్టును. బంకుల భూగర్భపు టాంకులలోనికి వాననీరు ఊరినపుడు ఇదే విడిపోవుట అచ్చటను జరుగుచున్నది. అమ్మువానిని దొంగయనుటకు ముందు ఆ సంగతియు తెలిసికొనవలయును.

ఇందులకు మంత్రిత్వశాఖ వారి సమాధానమేమి? కార్బురేటరు బండ్లను, ఇంజెక్షను బండ్లను లక్ష కిలోమీటర్లు నడిపి, ప్రతి 10,000 కిలోమీటర్లకు పరీక్షించిరట. శక్తిలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదట. కొన్ని పాత బండ్లలో 20,000 నుండి 30,000 కిలోమీటర్ల పిమ్మట కొన్ని రబ్బరు భాగములు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునట, అవి చవుకయేనట. ఈ పరీక్షలను మేము శంకింపము. కాని అడుగుచున్నాము: రెండేండ్లు ముంగిట నిలిచిన బండి ఎన్ని కిలోమీటర్లు నడచినది? అటుకపైనున్న తైవాను పంపు ఎన్ని కిలోమీటర్లు నడచినది? నడచు బండిలో పెట్రోలు వారమునకొకసారి మారును. నీరు చేరుటకు వ్యవధి యుండదు. నిలిచిన యంత్రమునకు కీడు మైళ్లతో కాదు, మాసములతో పెరుగును. ప్రవహించు కాలువ నీటిని పరీక్షించి, నిలిచిన కుంట నీరును త్రాగవచ్చునని చీటి వ్రాసియిచ్చు వైద్యుని మనమేమందుము?

ధర సంగతి ఇంతకన్న విచిత్రము. ఒక లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. 2021 జూనులో నీతి ఆయోగు ప్రకటించిన పత్రమే, పాత పద్ధతి కార్లకు 6 నుండి 7 శాతము, ద్విచక్రములకు 3 నుండి 4 శాతము మైలేజి తగ్గునని అంచనా వేసినది. 2025 లో మంత్రిత్వశాఖయు క్రొత్త బండ్లకు 1 నుండి 2, తక్కినవానికి 3 నుండి 6 శాతమని ఒప్పుకొనినది. 6 శాతమనగా 107 రూపాయల లీటరులో ఆరు రూపాయల పైచిలుకు. ఆ నష్టమునకు పరిహారముగా ఇట్టి ఇంధనపు ధర తగ్గియుండవలెనని నీతి ఆయోగు పత్రమే చెప్పినది. పాత బండ్ల రక్షణకై 10 పాళ్ల పెట్రోలును దొరకునట్లు చూడవలెననియు చెప్పినది. రెండును జరుగలేదు. ధర ఏల తగ్గలేదని అడుగగా, నాడు ఇథనాలు చవుక, నేడు దాని కొనుగోలు ధరయే లీటరునకు 71 రూపాయల 32 పైసలై శుద్ధి చేసిన పెట్రోలును మించినదని బదులు వచ్చినది. చవుకయైన నాడు లాభము మనకు రాలేదు. ప్రియమైన నాడు కారణము మాత్రము మనకు వచ్చినది!

అన్యదేశములు ఏమి చేయుచున్నవి? ఇంగ్లండున 2021 సెప్టెంబరులో 10 పాళ్ల పెట్రోలును సామాన్యము చేసిరి. కాని పాత బండ్లకై 5 పాళ్లకు మించని మేలురకపు పెట్రోలును బంకులలో నిలిపియుంచిరి. అమెరికా ప్రభుత్వము 15 పాళ్ల పెట్రోలును 2001 నాటివియు, అటు తరువాతివియు నగు కార్లకు అనుమతించి, మోటారు సైకిళ్లకు, పడవలకు, గడ్డి కోయు యంత్రముల వంటి చిన్న ఇంజనులకు నిషేధించినది. ఆ నిషేధమును పంపుపైననే చీటి యంటించి తెలుపవలెనని శాసించినది. మన ఇరువది పాళ్లు వారి పదునైదింటి కన్న ఎక్కువ యని చిన్నపిల్లలకును తెలియును. బ్రెజిలు దేశమును మనవారు పదేపదే ఉదాహరింతురు. అచ్చట 1975 లో మొదలిడి, 2003 నుండి ఏ పాళ్లకైనను ఒదుగు బండ్లను తయారు చేసికొని, 2025 ఆగస్టున 30 పాళ్లకు చేరిరి. అర్ధశతాబ్దపు అభ్యాసమును మనము మూడేండ్లలో గడచితిమని గర్వించుట చెల్లదు.

మన తెలుగువారు అనేకులు స్థిరపడిన మిన్నెసోటా సంగతి అన్నిటికన్న చెప్పదగినది. మొక్కజొన్న రైతుల రాష్ట్రమది; సామాన్య పెట్రోలులో ఇథనాలు కలిపి తీరవలెనని శాసనము చేసిన రాష్ట్రమది. ఆ శాసనమే పురాతన వాహనములకు, మోటారు సైకిళ్లకు, పడవలకు, చిన్న యంత్రములకు కలపని మేలురకపు పెట్రోలును అమ్మవచ్చునని విడిగా మినహాయింపు నిచ్చినది. రైతు మేలునకును, నిలిచిన యంత్రపు మేలునకును వైరము లేదని అచ్చటివారు గ్రహించిరి. మొక్కజొన్న రైతు ఏమియు నష్టపడలేదు.

ఇచ్చట మాత్రము ఎవడైన నోరు తెరచినచో రైతును అడ్డము పెట్టుదురు. రైతునకే మేలని వాదించువారిని మెదకు నడిగినచో బదులు చెప్పగలదు. ఘనపూరు ఆనకట్ట క్రింద మంజీర నీటితో చెరుకు పండించినవారము మనము. మంబోజిపల్లి చక్కెర కర్మాగారము మనయెదుట 2015 డిసెంబరులో, బోధను, ముత్యంపేట కర్మాగారములతో కూడ, మూతవడినది. 1937 లో స్థాపింపబడిన నిజాం చక్కెర సంస్థకు అట్టి గతి పట్టిన యేండ్లలోనే దేశమున ఇథనాలు పాళ్లు పెరిగినవి. ఇక వరి సంగతి. 2025 జనవరిలో కేంద్రము ఇథనాలు కర్మాగారములకు భారత ఆహార సంస్థ బియ్యమును క్వింటాలు 2,250 రూపాయలకు నిర్ణయించినది. ఆ సంవత్సరపు సామాన్య వడ్ల మద్దతు ధర 2,300. క్వింటాలు వడ్లనుండి వచ్చు బియ్యము 67 కిలోలు. ఆ లెక్కను క్వింటాలు బియ్యమునకు వడ్ల వెలయే సుమారు 3,430 రూపాయలు. అనగా పొట్టు తీసి, దంచి, సంచి కెత్తిన బియ్యము, పొట్టుతోనున్న వడ్లకన్న చవుకగ బట్టీకి పోవుచున్నది. ఆ యంతరము ప్రజల ఖజానానుండి పూడినది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023 న, నిర్మలు జిల్లా దిలావరుపూరులో 2024 నవంబరున ఇథనాలు కర్మాగారములు మాకు వద్దని రోడ్డుకెక్కినవారును రైతులేయని వేరుగ చెప్పనక్కరలేదు.

న్యాయస్థానమునకు పోయినవారును లేకపోలేదు. కలపని పెట్రోలును కూడ అమ్మునట్లు ఆజ్ఞాపింపవలెననియు, పంపులపై పాళ్లు స్పష్టముగ వ్రాయింపవలెననియు కోరుచు వేసిన ప్రజాహిత వ్యాజ్యమును సుప్రీము కోర్టు 2025 సెప్టెంబరు 1 వ తేదీన త్రోసిపుచ్చినది. ఆ తీర్పును శిరసావహింతము. కాని న్యాయస్థానము ఆజ్ఞాపింపనంత మాత్రమున ప్రభుత్వము చేయరాదని అర్థము కాదు గదా! కోర్టు చేయలేనిది శాసనసభలు చేయవచ్చును, శాఖలు చేయవచ్చును.

మేము కోరునది పెద్దది కాదు. ప్రతి మండల కేంద్రమున ఒక బంకులోనైన 10 పాళ్లకు మించని పెట్రోలునకు ఒక్క పంపు విడువవలయును. పాళ్లెన్నియో ప్రతి పంపుపై తెలుగున, కన్ను తక్కువ వృద్ధుడు చదువగలిగినంత అక్షరములతో వ్రాయవలయును. వ్యవసాయ శాఖవారు విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి పంచు కరపత్రములలో పెట్రోలు స్ప్రేయరు నిలువను గూర్చి నాలుగు పంక్తులు చేర్చవలయును. చివరిది, నిలిచిన వాహనములపైనను, చిన్న ఇంజనులపైనను, మన వానలలో, మన చలిలో, మాసముల లెక్కను పరీక్ష జరిపి ఫలితములను ప్రకటింపవలయును. లక్ష కిలోమీటర్లు నడుపుటకన్న ఒక బండిని ఆరు నెలలు ఊరక నిలుపుట ఎంతో చవుక.

అంతవరకు పాఠకులు తమ జాగ్రత్తలో తాముండుట మేలు. దూరదేశము పోవుచు బండిని విడుచువారు ఇనుప టాంకిని మూతవరకు నింపుట గాని, పూర్తిగ ఒంపి ఆరబెట్టుట గాని చేయవలయును. సగము టాంకి అన్నిటికన్న చెరుపు. కార్బురేటరు బండియైనచో పెట్రోలు కుళాయి కట్టి, ఇంజను దానంతట అది ఆగువరకు నడిపి, పిమ్మట బెండునో రబ్బరునో చూచుకొని మూత బిగించి, వాన పడని చోట నిలుపవలయును. ఇంటనున్నవారెవరైన పక్షమునకొకసారి పావుగంట నడిపిన ఇంకను మంచిది. తైవాను పంపు టాంకిలో పని ముగిసిన దినముననే చుక్క మిగులకుండ ఒంపి, త్రాడు లాగి ఆగువరకు నడిపి అటుకెక్కింపవలయును. డబ్బాలలో పెట్రోలు తెచ్చి నెలలు దాచుట మానవలయును. బంకులో అనుమానము కలిగినచో వడపోత కాగితపు పరీక్షయు, సాంద్రత పరీక్షయు అడిగి చేయించుకొను హక్కు ప్రతి కొనుగోలుదారునకు కలదు. మొగమాటమి లేక అడుగుడు. యాసంగి మందులు కొట్టు దినములు వచ్చులోపల మన శాసనసభ్యుడును, పార్లమెంటు సభ్యుడును పై నాలుగు కోరికలలో దేనికి బదులు తెచ్చెదరో, ఈ పత్రికయందే ప్రకటింప మేము సిద్ధముగ నున్నాము.